డల్సీ తోమిన పళ్ళు

డాగ్‌బెర్రీ కోవ్,
అక్టోబరు 3

హెడ్లీ పార్డీ గారికి బడి పళ్ళ నర్సు వెర్నా స్నూక్ రాయునది,

మీ మనవరాలు డల్సీ పళ్ళు తోముకున్న లెక్క పట్టీ అందింది. ఏప్రిల్ నుంచి ఆరు నెలలు, ఒక్క పూట తప్పకుండా నక్షత్రాలు అంటించి కింద మీరు సంతకాలు చేశారు. ఇంత నిండు పట్టీ నా దగ్గర ఇంకోటి లేదు. పిల్ల నోరు తెరిపించి చూస్తే మాత్రం నాలుగు పళ్ళు పుచ్చిపోయాయి. రెండు తీసెయ్యాలి. ఐదేళ్ళ పిల్ల, మత్తిచ్చి తీయాలి. పట్టీ ఒకటి చెబుతోంది, నోరు ఇంకోటి చెబుతోంది. దయచేసి సంగతేమిటో రాయండి.

ఇట్లు,
వెర్నా స్నూక్

తా.క. మీకు సొంత పళ్ళు ఆరే మిగిలాయని డల్సీ చెప్పింది. నేను అడగలేదు.

అక్టోబరు 7

నర్సు వెర్నాకి,

నలభై ఏళ్ళు చేపలు పట్టాను. పట్టని చేపని పట్టానని ఏనాడూ చెప్పలేదు. ఈ రేవులో ఆ మాట అనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, కావాలంటే మీ నాన్న క్లారెన్స్‌ని అడుగు. అలాంటివాడు దొంగ సంతకాలు పెడతాడా? మా అమ్మాయి పని మీద ఆల్బర్టాలో ఉంది కాబట్టి పిల్ల బాధ్యత నాదే. రెండు పూటలా స్నానాల గది బయట గడియారం పట్టుకుని నిలబడతాను. డల్సీ లోపల గడియ పెట్టుకుని నిండా రెండు నిమిషాలు తోముతుంది. ఆ చప్పుడు ఈ చెవులతో వింటాను. పేస్టు పదిరోజులకే అయిపోతోంది. తప్పంటూ ఉంటే నువ్వు నేర్పినదాంట్లోనే ఉంది. బడికి ఆ గుడ్డ మొసలి బొమ్మని పట్టుకొచ్చి పిల్లలకి ఏం చెప్పావో ఏమో.

ఇట్లు,
మనసు కష్టపెట్టుకున్న హెడ్లీ

తా.క. ఆరు కాదు, ఏడు. ఒకటి బాగా వెనక ఉంది.

అక్టోబరు 12

హెడ్లీ బాబాయ్‌కి,

మొసలి చేత నేను చెప్పించింది రెండే ముక్కలు. పాలపళ్ళు పోతే మళ్ళీ వస్తాయి, పెద్దవాళ్ళవి పోతే మళ్ళీ రావు. ఇందులో తప్పేముంది?

నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. పళ్ళు తీయాలంటే ఏ పిల్లయినా ఏడుస్తుంది. డల్సీ ఏడవలేదు. "తీసేసుకో, పర్లేదు. నావి మళ్ళీ వస్తాయిగా," అంది. వాళ్ళ అమ్మమ్మ, మన ఎఫీ పిన్ని బతికుంటే ఇవన్నీ తనే చూసుకునేది. పిల్ల పేస్టు తినేస్తోందని నా అనుమానం. ఈసారి తలుపు అవతల కాదు, లోపలికి వెళ్ళి చూడండి. లేదంటే పట్టీ చెల్లదని రాయాల్సి వస్తుంది.

వెర్నా

తా.క. ఆ ఏడోదాన్ని కూడా ఓసారి చూపించండి. నమ్మకం కుదరడం లేదు.

అక్టోబరు 19

అమ్మా వెర్నా,

ఆదివారం గడియ ఊడదీసి లోపలికి వెళ్ళాను. డల్సీ పీట మీద నిలబడి తోముతోంది. నోరు మూసే ఉంది. చేతిలో మీ పిన్ని కట్టుడు పళ్ళున్నాయి.

ఏప్రిల్లో ఎఫీని పెట్టెలో పడుకోబెట్టేముందు వాటికోసం ఇల్లంతా తిరగేశాం. దొరకలేదు. ముప్పై ఏళ్ళు నాక్కూడా బోసినోరు చూపించని మనిషిని, ఊరందరి ముందు అలాగే సాగనంపాను. ఆ బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఆస్పత్రికి వెళ్ళే పొద్దున ఎఫీయే వాటిని పిల్ల చేతికిచ్చి, "నేనొచ్చేదాకా శుభ్రంగా చూసుకో తల్లీ," అందట.

పిల్లని సమాధి దగ్గరికి తీసుకెళ్ళలేదు. అమ్మమ్మ కొండ మీద విశ్రాంతి తీసుకుంటోందని చెప్పాను. విశ్రాంతి అయ్యాక దిగొస్తుందని అది ఎదురుచూస్తోంది. "పెద్దవాళ్ళవి పోతే రావని నర్సు చెప్పింది కదా తాతయ్యా. ఇవి పాడైతే అమ్మమ్మ వచ్చాక దేంతో తింటుంది?" అంది. నువ్వు పిల్లకి నిజమే చెప్పావు వెర్నా. అబద్ధం చెప్పింది నేను.

పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మమ్మ చనిపోయింది, ఇక రాదు అని చెప్పాను. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. తర్వాత అది కళ్ళు తుడుచుకుని, "మరి ఇవి ఇంక తోమక్కర్లేదా?" అని అడిగింది. ముందు నీవి తోముకో, తర్వాత వాటిని ఇద్దరం కలిసి తోముదాం అన్నాను.

పట్టీ చెల్లదని రాసెయ్యి. నక్షత్రాలు మాత్రం పీకెయ్యకు.

హెడ్లీ బాబాయ్

తా.క. ముప్పై ఏళ్ళు చిక్కటి టీ తాగిన పళ్ళవి. ఎఫీ నోట్లో ఎప్పుడూ ఇంత తెల్లగా లేవు.