పాఠాల సీడీకి రంగు వేయవద్దని మనవి

పెదకొయ్యపాలెం, ఉద్దానం
16-5-2003, శుక్రవారం

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఉన్నత పాఠశాలకు వచ్చిన ప్రోగ్రామింగ్ పాఠాల రెండవ సీడీపై ఎనామిల్ రంగుతో నంబరు వేయకుండా ఆపుట గురించి.

వేసవి సెలవుల్లో హెడ్మాస్టరు గారి అనుమతితో, బడి కంప్యూటరు మీద పదకొండు మంది పిల్లలకు ఉచితంగా ప్రోగ్రామింగ్ నేర్పుచున్నాను. నాకు రాదు. సీడీ చెప్పును, నేను గట్టిగా మళ్ళీ చెప్పుదును.

1. మొదటి సీడీ వచ్చిన వారమే తమ గుమాస్తా జనార్దనరావు గారు, బల్లలకు వేసినట్టే దానికీ రెండు వైపులా తెల్లరంగుతో నంబరు వేసిరి. "మెరిసే వైపు వద్దు బావా, పాఠం అటే ఉంటాది" అని మొత్తుకొంటిని. "సర్కారు సామాను మీద నంబరు నేకపోతే ఎవుడిదని సెప్తాం?" అనిరి. కంప్యూటరులో పెట్టగా లోపల అతుక్కున్నది. కొబ్బరి ఈనెతో లాగితిమి. సీడీ వచ్చినది, పాఠం రాలేదు.

2. సీడీ అట్ట మీద "ఎన్నిసార్లయినా వాడవచ్చు, కాపీ తీసి పంచవచ్చు" అని ముద్రించియున్నది. ఇంతటి విప్లవ వాక్యం నేను ఏ కరపత్రంలోనూ చదవలేదు! అనుమతి అడిగితే గుమాస్తా గారు, "కాపీలు తీత్తే సామాను పెరిగిపోద్ది. పెరిగినోటికి నంబర్లు నానెక్కడ తెచ్చీది?" అనిరి. జ్ఞానమునకు సంకెళ్లు వేయుట చదివితిని గాని, రంగు వేయుట ఇదే ప్రథమము!

3. ఇది ఫిర్యాదు కాదు, బాధ. మా క్లాసులో కళ్యాణి పది పాసైనది. జూన్ ఒకటి నుండి తల్లి తవిటమ్మతో పలాస జీడి ఫ్యాక్టరీకి పోవలెను. గుండు పప్పును, బద్దలను వేరుచేయు పద్ధతిని ఆ అమ్మాయి ప్రోగ్రాముగా రాయుచున్నది. తవిటమ్మ వచ్చి తెర చూచి, "గుండయితే ఇటు, బద్దయితే అటు. ఇంతేనేటి? ఇన్నేళ్లూ నాను సేత్తన్నది ఇదే కదేటి!" అని నవ్వినది. వెళ్తూ వెళ్తూ కూతురితో, "నెలాఖరుకి దీన్ని ఆడించి సూపించు. పప్పుల కాడికి ఒద్దు, ఇంటర్లో ఏత్తాను" అన్నది. బస్తా అయిపోయే వరకు అదే పని మళ్ళీ మళ్ళీ చేయించు పాఠం రెండవ సీడీలో ఉన్నది. దానికి సోమవారం రంగు పడునట!

కావున నంబరును సీడీ పెట్టు డబ్బా మీద మాత్రమే వేయించి, కాపీలకు అనుమతి ఇవ్వగోరెదను. లేనిచో రంగు డబ్బాకు అడ్డంగా పడుకొందును. కోపము నాది, న్యాయము పిల్లలది; రెండింటినీ చిత్తగించవలెను.

తమ విధేయుడు (సోమవారం వరకు),
మడ్డు తారకేశ్వరరావు
అధ్యక్షుడు, ఉద్దానం కంప్యూటర్ విమోచన యువజన సంఘం
(సభ్యులను చేర్చుకొనవలసియున్నది)

తా.క.: దీనిని కవరులో పెట్టబోవునంతలో గుమాస్తా గారు ఈ రోజే రంగు డబ్బాతో దిగిరి. అన్న మాట ప్రకారం పడుకొంటిని. "లెగు బావా, గచ్చుకి కాదు నంబరు" అనిరి. ఇంతలో కళ్యాణి తనే సీడీ తెచ్చి ఆయన చేతిలో పెట్టినది. రెండు వైపులా వేసుకొని తృప్తిగా వెళ్లిరి. నాకు ఏడుపు వచ్చినది. తీరా ఆయన రంగు వేసినది కాపీకట. నిన్ననే పలాస నెట్ సెంటరులో తీయించినదట. నాతో ఒక్క మాటయినా అనలేదేమని గద్దించితిని.

"సెప్తే అర్జీలో రాసేత్తారు మాస్టారూ" అన్నది.