రాతిబడిలో తొమ్మిదో తరగతి

రోటెన్‌బాఖ్, కాన్సస్
1926 సెప్టెంబరు 12

అమ్మకు,

యేసుక్రీస్తు ప్రభువుకు స్తుతి. ఇక్కడ మఠంలో సిస్టర్లం నలుగురమూ కులాసా. అక్కడ కొలరాడోలో నువ్వూ, అన్నయ్య ఇంటిల్లిపాదీ క్షేమమని తలుస్తాను. బీట్‌దుంపల పొలంలోకి దిగడం లేదని రాశావు. నేను నమ్మలేదు.

నువ్వడిగిన వాటికి జవాబులు. నా దగ్గు తగ్గింది. ఫాదర్ ఎమెరన్ కారు కొనిస్తామన్నా వద్దని ఇంకా గుర్రబ్బండే తోలుతున్నారు. ఇక బడి సంగతి. నువ్వు చదివిన రోజుల్లో అది గుడి వెనక మట్టిగడ్డలు పేర్చి కట్టిన గది, ఇరవై ఇద్దరు పిల్లలు, నాలుగు తరగతులు. తర్వాత కొత్త బడి కట్టడానికి ఇంటికి ఆరు బండ్ల రాయి తోలాలని మన గుడి విచారణ (పారిష్) పెద్దలు నిర్ణయిస్తే, తాతయ్య తొమ్మిది తోలాడని నువ్వే చెప్పేదానివి. రెండు గదులతో లేచిన ఆ రాతిబడి ఇప్పుడు ఐదు గదులు. పిల్లలు నూట అరవై ముగ్గురు. ఎనిమిదో తరగతి దాకా చెబుతున్నాం.

ఎనిమిది అయ్యాక మగపిల్లలు గోధుమ చేలల్లోకి, ఆడపిల్లలు పట్నంలో ఒకరి వంటిళ్లలోకి. ఏటా మే నెలలో వాళ్లను సాగనంపిన రోజు నాకు ముద్ద దిగదు.

జూన్‌లో విచారణ సభ జరిగింది. తొమ్మిదో తరగతి తెరుద్దామని ఫాదర్ అన్నారు. ఇక్కడ మన పక్కింటి కాస్పర్ షుక్‌మన్ నీకు గుర్తుండే ఉంటాడు. ఆయన లేచి, గోధుమ కోయడానికి బీజగణితం దేనికని అడిగాడు. జనం నవ్వారు. పైగా, ఆ పాఠాలు చెప్పాలంటే ప్రభుత్వ పరీక్ష ప్యాసైన టీచరు ఉండాలి, మనకెవరున్నారన్నాడు. నేను లేచి, నేను రాస్తానన్నాను.

అమ్మా, ఇప్పటిదాకా నీకు దాచిన మాట ఇది. జూలైలో ఆ పరీక్ష తప్పాను. బీజగణితంలో నూటికి ముప్పై ఒకటి. పదహారేళ్లుగా పిల్లలకు ఎక్కాలు చెబుతున్నా, నేను చదివింది ఎనిమిదే కదా. ఫలితాలు ఇంకా రాలేదని నీకు రాశాను. అప్పటికే వచ్చాయి. ఆ అబద్ధాన్ని పాపసంకీర్తనంలో ఫాదర్‌కు చెప్పుకున్నాను గానీ, నీకు చెప్పుకోనిదే మనసు కుదుటపడలేదు.

ఆగస్టు చివర మళ్లీ పరీక్ష ఉందన్నారు. నా దగ్గర ఎనిమిది ముగించి, పట్నంలో హైస్కూలు చదివి వచ్చిన రోసీనా వోగ్ట్ ఇంటికి వెళ్లాను. పందొమ్మిదేళ్ల పిల్ల. వంటగదిలో ఆమె నూడుల్స్‌కు పిండి ఒత్తుతుంటే, ఆ బల్ల చివరే కూర్చుని లెక్కలు చేశాను. రెండో రోజే అర్థం కానిదానికి తల ఊపి దొరికిపోయాను.

"సిస్టర్, తెలియకుండా తల ఊపితే మీరు మమ్మల్ని ఏం చేసేవారు?" అంది.

"నిలబెట్టేదాన్ని."

"అయితే లేవండి. నిలబడి మొదటినుంచి చెప్పండి."

లేచి నిలబడ్డాను. ఆరు వారాలు రోజూ వెళ్లాను. ఈసారి ఎనభై నాలుగు వచ్చాయి.

మళ్లీ సభ పెట్టారు. షుక్‌మన్ ఊరుకోలేదు. "ఒకసారి తప్పారట కదా, సిస్టర్?" అన్నాడు అందరి ముందూ.

లేచి నిలబడ్డాను. "తప్పాను, కాస్పర్ గారూ. అందుకే, తప్పిన పిల్లకు ఎలా చెప్పాలో ఇప్పుడు తెలిసింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. చేతులెత్తమంటే నలభై ఒక్కరు ఎత్తారు, ఇరవై తొమ్మిది మంది ఎత్తలేదు. షుక్‌మన్ ఎత్తలేదు.

మొన్న మంగళవారం తొమ్మిదో తరగతి తెరిచాం. పదిమంది వచ్చారు. బడి ఊడ్చే లుడ్‌వీనా, మూడేళ్ల కిందట నా దగ్గరే ఎనిమిది ముగించిన పిల్ల, పని అయ్యాక కూడా గుమ్మంలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మన్నాను.

"పదిహేడేళ్లదాన్ని, సిస్టర్. వీళ్ల మధ్య కూర్చుంటే నవ్వరూ?"

"పరీక్ష హాల్లో నా పక్కన కూర్చున్న పిల్లకూ పదిహేడే. నాకు ముప్పై ఎనిమిది," అన్నాను.

లుడ్‌వీనా చీపురు గోడకు ఆనించి, చేతులు తుడుచుకుని, ముందు బల్ల మీద కూర్చుంది. కూర్చోగానే, రాసుకోవడానికి పుస్తకం ఏదని అడిగింది.

ఇట్లు,
నీ ప్రార్థనలు కోరే కూతురు
బార్బరా
(మఠంలో సిస్టర్ కునిగుండ)