థిన్నర్ డబ్బా మీది పేరు

చిట్టితల్లికి,

గిటారు రంగు వెలిసిందని మొత్తం గీకించి కొత్త పాలిష్ వేయిస్తావా? అదీ ఈ శనివారమే? నన్నొక్క మాట అడగొద్దూ? నీ ఉత్తరం వచ్చేదాకా ఇక్కడ అందరం క్షేమం. ఇప్పుడు మీ అమ్మ ఒక్కతే క్షేమం.

అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు తగ్గింది, నోరు తగ్గలేదు. చేతిలో ఉన్న పని పళ్ల డాక్టరు బోర్డు. ముప్పై ఏళ్లుగా పేర్లు రాసి బతుకుతున్నా గానీ పళ్లు గియ్యడం ఇదే మొదలు. "ఇంకా తెల్లగా" అంటాడాయన. తెలుపుకన్నా తెలుపు ఏ డబ్బాలో దొరుకుతుంది?

ఇక నీ అసలు ప్రశ్న. గిటారు తలకాయ మీదున్న కంపెనీ ఎక్కడ వెతికినా కనబడటం లేదన్నావు. కనబడదమ్మా. అది నేను రంగులో కలుపుకునే థిన్నర్ డబ్బా మీది పేరు. రాసింది నేనే.

నువ్వప్పుడు ఆ పెద్ద కంపెనీ గిటారే కావాలని మొండికేశావు. ఇల్లు ఖాళీ చేస్తున్న ఒకాయన దగ్గర పాతది దొరికితే ఎగురుకుంటూ తెచ్చాను. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే అసలు సంగతి తెలిసింది. పెద్ద కంపెనీవాళ్లు పేరు అచ్చు వేస్తారు. ఇది చేత్తో రాసింది. చివరి అక్షరం దగ్గర బ్రష్ ఎత్తిన చోట చిన్న తోక! నాలాంటివాడెవడో నన్నే ముంచాడు. బోర్డులు రాసేవాడు బోర్డు చూసి మోసపోయాడని నీతో ఎలా చెప్పను?

అందుకే దాని మీద నల్లరంగు పూసి, ఎదురుగా ఉన్న డబ్బా చూసి ఇంకో పేరు రాశాను. నువ్వు మూతి ముడిస్తే, "పేరు వాయిస్తావా, గిటారు వాయిస్తావా? కర్ర చూడు, మెడ చూడు, మోత చూడు" అని గంటసేపు దంచాను. అదంతా నా సిగ్గు కప్పుకోవడానికి.

నువ్వేమో అది నమ్మి ఏడేళ్లు వాయించావు. మొన్న వేదిక మీద "మా నాన్న చెప్పాడు" అని మొత్తం అప్పజెప్పావట, చప్పట్లు కొట్టారట. నీ ఉత్తరంలో అది చదివినప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఫోన్‌లో చెబుదామంటే 'హలో' దగ్గరే ఆగిపోతున్నాను. రెండు ఉత్తరాలు రాసి చింపాను. శనివారం ఆ నలుపు ఊడిందంటే కింద దొంగ పేరు బయటపడుతుంది. అదేదో పాలిష్ చేసేవాడి నోట కాకుండా నా నోట విను.

నువ్వు పంపిన పాట విన్నాం. అమ్మ పొయ్యి ఆపి మరీ వింది. నేను అబద్ధంగా మొదలెట్టిన మాటని నువ్వు వాయించి వాయించి నిజం చేసేశావే. గీకించుకో, అడ్డం చెప్పను. కానీ శనివారంలోపు ఒక్క ముక్క రాయి, నా మీద నీకు...

"ఏమయ్యా పెయింటరూ! పైవరసలో ఓ పన్ను తక్కువైంది!" అదిగో, గుమ్మంలో డాక్టరు.

ఇట్లు,
థిన్నర్ డబ్బా కంపెనీ యజమాని,
మీ నాన్న