దండోరా వేసిన కబురు

మంగళవారం

పొద్దుట గాలి తిరగడంతో పడవ దించలేదు. వల బాగుచేసుకుని, కంపెనీ మురుగునీటి పైపు సముద్రంలోకి వద్దని ఊరు వేసిన ధర్నా టెంటుకు వెళ్ళాను. ఈ వారం జనం పలచబడ్డారు. కంపెనీ ప్రకటనలు వేసుకునే పేపర్లు మన గొడవ రాయవని అనకాపల్లిలో చదువుకుంటున్న మా అమ్మాయి సుజాత ముందే చెప్పింది.

తను తీసిన వీడియో మాత్రం ఏదో విదేశీ ఉద్యమాల వెబ్‌సైట్లో వచ్చింది. అది చూసి ఇండోనేషియా జాలర్లు మన కోసం ఒక రోజు వేట మానేశారట. ఒడ్డున పెట్టిన పడవల ఫొటో పంపారు. ఫోన్ లేనివాళ్ళకూ తెలియాలని పెద్దలు దండోరా వేయించారు.

"ఇండోనేసియావోళ్లు మనకోసం ఏటకెల్లలేదహో" అని రాములు వీధివీధీ చెప్పాడు.

"ఏ మండలంరా అది?" అంది గంగమ్మ పిన్ని.

"సముద్రానికి అవతలొడ్డు పిన్నీ."

"అయితే మనోళ్లే. పదండి, టెంట్లో కూకుందాం."

సాయంత్రానికి టెంటు చాలలేదు. ఇది నా కూతురి పని అని నేనెవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

వీడియో ఎవరు పెట్టారని పోలీసులు వాకబు చేస్తున్నారట. సుజాతకు చెప్పాను.

"వాకబెందుకు నాన్నా? కింద నా పేరు నేనే రాసేను" అంది.

చీకటి పడ్డాక ఆఖరి బస్సులో అనకాపల్లి హాస్టల్‌కి వెళ్ళిపోయింది.