మా అమ్మ బిందెలు, ముప్పై ఏడు మంది డాక్టర్లు

రాయచెర్లు, పావగడ తాలూకా
10-6-1994

శెనక్కాయ పరిశోధనా కేంద్రం పెద్ద అధికారి గారి సముఖానికి

అయ్యా,

విషయం: డాక్టరు సంజీవప్ప గారి కొత్త రకం శెనక్కాయ విత్తనాన్ని తాలూకాలో పంచకుండా తక్షణం నిలిపించుట గురించి.

రాయచెర్లు కాపురస్థుడు, కీర్తిశేషులు బైలప్ప కొడుకు అంజినప్ప అనే నేను, ఎనిమిదో క్లాసు మధ్యలో వదిలినవాణ్ణి, తమకు చేసుకొను మనవి ఏమనగా. తమరు తెలుగు చదువుతారని తమ జవాను దాసన్న చెప్పినందున కన్నడంలో రాయలేదు.

1. ఐదేళ్ల కింద సదరు డాక్టరు గారు మా చేనులో రెండు మడులు వేయించారు. ఒకదానికి నీళ్లు పెట్టాలి. రెండోదానికి వాన తప్ప చుక్క పడకూడదు. కరువుకు ఓర్చే రకమో కాదో దాంతో తేలాలి. ఆ ఏడు వాన ఎగ్గొట్టింది. అయినా రెండో మడి పచ్చగా నిలిచింది. ఈ రకం కరువుకు ఓరుస్తుందని డాక్టరు గారు పరిశోధన పేపరు రాసి అచ్చు వేయించారు.

2. ఆ మడి నిలిచింది మా అమ్మ నరసక్క వల్ల. నలభై రోజులు, జీపు అట్లా పోగానే, బావి నుంచి బిందెలతో మోసి పోసింది. ఈ సంగతి పోయిన వారమే బయటపెట్టింది. ఎందుకు పోసినావే అంటే, "ఆయప్ప మనింట్లో సంగటి తిన్నాడు. ఇంటికొచ్చినోడి పైరు మన చేన్లో ఎండిపోతే మనకు మర్యాదనా? ఒక మడికి పెట్టి ఇంకోదానికి మర్చిపోయినాడు పాపం, చదువుకున్నోడు" అన్నది.

3. వెంటనే డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. తల పట్టుకుంటారనుకున్నాను. ఆయన బీరువా తీసి ఒక పేర్ల పట్టీ చూపించారు.

"అంజినప్పా, నా పేపరును ముప్పై ఏడు మంది తమ పేపర్లలో సాక్ష్యంగా ఎత్తి రాసినారు. మా శాస్త్రంలో మనిషి బరువు దీంతోనే తూస్తారు. నా ప్రమోషను దీనిమీదనే ఉండాది."

"వాళ్లల్లో ఎవురన్నా మా చేను చూసినారా సార్?"

"చేను చూసేదేందప్పా? నా పేపరు చూసినారు గదా."

"నీళ్లు పోసింది మాయమ్మ సార్!"

"ఒకరు రాస్తే తప్పనుకోవచ్చు. ముప్పై ఏడు మంది తప్పు రాస్తారేమప్పా?"

4. నాకు ఇంగ్లీషు రాదు గాని పేర్లు కూడబలుక్కోగలను. ముప్పై ఏడులో పదకొండు సంజీవప్ప గారివే. తనను తానే పదకొండు సార్లు మెచ్చుకున్నారు. ఇరవై రెండు ఆయన నలుగురు స్నేహితులవి. మిగతా నాలుగు ఆ స్నేహితుల శిష్యులవట. ఆ నలుగురు స్నేహితుల పేర్లు మా చేను పేపరు మీద కూడా ఉన్నాయి. వారు మా చేనుకు వచ్చింది ఒక్క పూట. ఒకాయన ఎండ అని జీపు దిగలేదు. ఇంకొకాయన మా కందిచెట్లు చూసి శెనక్కాయ ఏపుగా ఉందన్నారు.

5. పట్టీ వెనక ఒక బొమ్మ ఉంది. ఎవరు ఎవరితో కలిసి పనిచేశారో చూపించే చుక్కలు, గీతలు. నడుమ సంజీవప్ప గారి చుక్క సంగటి ముద్దంత. నలభై రోజులు ఆయన పైరును కాపాడిన మా అమ్మకు అందులో ఆవగింజంత చుక్క లేదు. పెట్టమని మేము అడగడం లేదు. పెడితే అసలు సంగతి తెలిసిపోతుంది.

6. ఈ బలంతోనే విత్తనం ఊరూరికీ పంచుతున్నారు. మా మామ కొల్లప్ప ఉన్న నాలుగెకరాలకూ ఇదే వేస్తానని, పాత విత్తనకాయలు గానుగకు ఇచ్చేశాడు. వద్దంటే, "ఏం రా, ముప్పై ఏడు మంది డాక్టర్ల కంటే మీయమ్మ పెద్దదా?" అన్నాడు. మళ్లీ వాన ఎగ్గొడితే నాలుగెకరాలకు బిందెలు ఎవరు మోయాలి? మా అమ్మకు మోకాళ్లు పోయాయి.

కావున సదరు పండితుల్లో ఒక్కరినైనా పిలిపించి, ఆ మడిలో మళ్లీ వేయించి చూడవలెను. ఈసారి మా అమ్మను పుట్టింటికి పంపేస్తాము. ఫలితం తేలేదాకా విత్తనం నిలిపించి, ఇందులోని నిజాన్ని తమ చిత్తానికి తెచ్చుకోవలెనని ప్రార్థన.

ఇట్లు తమ విధేయుడు,
అంజినప్ప

మళ్లీ ఒక మాట: నిన్న సాయంత్రం వాన పడింది. విత్తడానికి నేల పదును మూడు రోజులే ఉంటుంది. టపాలో వేస్తే మీకు చేరేలోగా విత్తడం అయిపోతుంది, అందుకని నేనే తెచ్చాను. మీ గది బయట బెంచీ మీద ఉన్నాను. "సారు పనిలో ఉండాడు, సోమవారం రాప్పా" అంటున్నాడు దాసన్న. నేను పోను. ఎదురుగా మీ గోడౌను దగ్గర మా ఊరి లారీకి ఆ విత్తనం మూటలెత్తుతున్నారు. సగం ఎక్కించేశారు. తలుపు తీయండి సార్.