కుడి చేతి కట్టు విప్పించే విషయం

డివిజన్ అధికారి గారి సముఖమునకు,
పుత్తూరు దగ్గర ఎగువమిట్ట గ్రామ కాపురస్తుడు, ఎముకలకు కట్టు కట్టి జీవనం సాగించుకొను ఓబయ్య వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పరదేశ యుద్ధానికి మద్దతుగా చెయ్యి ఎత్తిన మా సర్పంచి గారి కుడి చేతి కట్టు తమ సమక్షంలో విప్పించి, మా అల్లుడిని వెనక్కి పంపమనే లేఖ మీద సంతకం పెట్టించుట గురించి.

అయ్యా,

మూడు రోజులుగా మా వైపు ముసురు. ముసురులో మాకు పని ఎక్కువ. గట్ల మీద, తడి మెట్ల మీద జారినవాళ్లు పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చుంటారు. ఈ రోజు శుక్రవారం మధ్యాహ్నం లోపల రెండు మణికట్లు, ఒక చీలమండ, ఒక ముసలాయన తుంటి చూశాను. తుంటి నా వల్ల కాదని చెప్పి పెద్దాసుపత్రికి పంపాను. చేతకానిదాన్ని పైకి పంపడం మా ఇంటి పద్ధతి. ఈ విషయాన్ని కూడా అలాగే తమకు పంపుతున్నాను.

1. గడచిన జూన్ పన్నెండున మా గ్రామసభ జరిగింది. అజెండాలో పడమటి వీధి కుళాయి ఉంది. సర్పంచి దయానంద్ గారు కుళాయిని పక్కన పెట్టి ఒక పరదేశం చేస్తున్న యుద్ధం గురించి మాట్లాడారు. ఆ దేశం పేరు తీర్మానంలో ఉంది కనుక మళ్లీ రాయడం లేదు. ఆయన పక్కన చెన్నై నుంచి వచ్చిన ఉద్యోగాల ఏజెంటు కూర్చుని ఉన్నాడు. ఆ దేశం చేసే యుద్ధం న్యాయమైనదనీ, మా పంచాయతీ దానికి పూర్తి మద్దతు ఇస్తుందనీ, యువకులను సహాయకులుగా పంపడానికి సమ్మతిస్తుందనీ తీర్మానం చదివారు. ఆ యుద్ధం న్యాయమా కాదా అని పెద్ద పెద్ద దేశాలు ఇంకా కొట్లాడుకుంటున్నాయి. మా పంచాయతీ పద్దెనిమిది నిమిషాల్లో తేల్చింది. కుళాయి సంగతి రెండేళ్లయినా తేలలేదు.

2. సర్పంచి గారు, పదిమంది వార్డు సభ్యులు చేతులెత్తారు. సర్పంచి గారు కుడి చెయ్యి ఎత్తారు. అప్పటికి ఆ చేతికి ఏమీ కాలేదు. సభలో నేనూ చప్పట్లు కొట్టాను. మా అమ్మాయి కోమలి భర్త మునికుమార్ పేరు ఏజెంటు దగ్గర అప్పటికే రాయించి ఉన్నాం. ఆసుపత్రిలో కట్లు కట్టే పని అన్నాడు. అతను నా దగ్గర ఎనిమిదేళ్లు పనిచేశాడు కాబట్టి సరిపోతుందనుకున్నాను. ఇది నా తప్పు. దాచడం లేదు.

3. మునికుమార్‌కు యుద్ధగాయాలకు కట్టు కట్టడంలో అనుభవం ఉందని సర్పంచి గారు సర్టిఫికెట్ ఇచ్చారు. మా దగ్గరికి వచ్చేవి బైకు మీంచి పడినవి, చింతచెట్టు మీంచి పడినవి. యుద్ధం నుంచి ఎవరూ రాలేదు.

4. జులై తొమ్మిదిన వ్యాను బయలుదేరింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి తొమ్మిది మంది, మా ఊరి నుంచి ఒక్కడు. "ఈ యుద్ధంలో మనమందరం ఉండాం" అని సర్పంచి గారు వ్యాను వెనక నిచ్చెన ఎక్కి జెండా ఊపారు. ఊపుతూ జారి కిందపడ్డారు. కుడి చెయ్యి, మణికట్టుకు నాలుగు వేళ్ల పైన విరిగింది. అక్కడే రోడ్డు పక్కన కూర్చోబెట్టి నేను కట్టు కట్టాను. మునికుమార్ వ్యాను దిగి, "నువ్వు కట్టు మామా, నేను చెయ్యి పట్టుకుంటా" అని పట్టుకున్నాడు. కట్టు అయిన తర్వాత చేతులు కడుక్కుని మళ్లీ వ్యాను ఎక్కాడు. మేమిద్దరం కలిసి చేసిన ఆఖరి పని అదే.

5. సెప్టెంబరు రెండున మునికుమార్ ఫోన్ చేశాడు. "మామా, ఈడ ఆస్పత్రి లేదు. బండ్లో ఎక్కించి ముందుకి తోలతా ఉండారు. వెదురు బద్దలు యాడ దొరకతాయి? తూటాల పెట్టెలు సీల్చి కడతా ఉండా. కోమలికి చెప్పొద్దు" అన్నాడు. కోమలి పక్కనే ఉండి వింటోంది. తర్వాత ఫోన్ రాలేదు.

6. మేము చెన్నైలో, పనికి పరదేశం పోయినవాళ్ల సంగతి చూసే ఆఫీసుకు రాసుకున్నాము. ఈ నవంబరు నెల ఏడున జవాబు వచ్చింది. మునికుమార్ స్థానిక సంస్థ సమ్మతితో వెళ్లిన సహాయకుడట. ఆ సమ్మతిని వాపసు తీసుకుంటున్నట్టు సంస్థ అధ్యక్షుడి, అంటే మా సర్పంచి గారి, లేఖ ఈ నెల ముప్పైలోగా అందితే వెనక్కి పంపమని అడుగుతారట. అందకపోతే ఒప్పందం ఇంకో సంవత్సరం దానంతటదే పొడిగించబడుతుందట. జవాబు నకలు జతచేశాను.

7. ఈ నెల పదిన లేఖ రాయించుకుని నేను, కోమలి సర్పంచి గారి ఇంటికి వెళ్లాము. అక్కడ జరిగిన సంభాషణను తమ పరిశీలన నిమిత్తం ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"ఏమప్పా ఓబయ్యా, బిడ్డను ఎంటబెట్టుకోని వానలో వచ్చినావే! నా చెయ్యి సూడు. ఎట్ల పెట్టేది సంతకం?" అన్నారు సర్పంచి గారు.

"దినాము పేపరు ఏ చేత్తో తిప్పుతా ఉండావన్నా?" అని కోమలి అడిగింది.

"నొప్పి నీకుండాదా, నాకుండాదా? కట్టు ఇప్పి అటో ఇటో అయితే మీ నాయనకే గదా సెడ్డపేరు. ఆయన పేరు కోసరమే నేను ఓర్సుకోని ఉండా."

"మా నాయన పేరు మేం సూసుకుంటాం. ఎడం చేతి బొటనేలుకు ఏం కాలేదు గదన్నా. ముద్ర ఎయ్యి. ఇంకు డబ్బా నేనే తెచ్చినా."

"వేలిముద్రనా? నేను బీఏ సదివినానమ్మా. గేటు బోర్డు మీద రాసుండారు, పోతా సూసుకో."

పోతూ చూసుకున్నాము. రాసి ఉంది.

8. పంచాయతీ కార్యదర్శి వెంకటరమణ గారిని అడిగాము. తీర్మానం వెనక్కి తీసుకోవాలంటే నోటీసు, అజెండా, కోరం కావాలన్నారు. "యుద్ధం అయిపోనీలే అప్పా, అంతా ఒకేసారి పెడదాం" అని కూడా అన్నారు. ఆ దేశపు కాన్సులేటు వాళ్లు మెచ్చుకుంటూ పంపిన ఉత్తరాన్ని చట్రం కట్టించి ఆయన కుర్చీ పైన తగిలించారు. దాని మీద దుమ్ము పడకుండా ప్లాస్టిక్ కాగితం కూడా తొడిగారు.

9. చేతులెత్తిన పదకొండుమందిలో మూడో వార్డు సభ్యురాలు కృపామణి గారు ఒక్కరే సంతకం పెట్టారు. ఆమె కుట్టుమిషను మీద పనిచేసుకుంటారు. "అందరూ ఎత్తినారని నేనూ ఎత్తినానన్నా. యుద్ధం యాడ జరగతా ఉండాదో గూడా నాకు తెలీదు. దించమని ఎవురూ చెప్పలా, సభ అయ్యేదాకా ఎత్తుకోనే ఉండినా" అన్నారు. మిగిలినవాళ్లు సర్పంచి గారు పెడితే పెడతామన్నారు. కానీ సభ్యుల సంతకాలు చెల్లవని, అధ్యక్షుడిదే కావాలని జవాబులో ఉంది.

10. ఇక కట్టు సంగతి. ఇది నా వృత్తికి సంబంధించినది కాబట్టి గట్టిగా చెప్పగలను. పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు వేసి కట్టిన చెయ్యి నలభై అయిదు రోజుల్లో అతుక్కుంటుంది. ఆయన చెయ్యి ఆగస్టు ఆఖరుకే అతుక్కుంది. నేను వేళ్లతో తడిమి చూశాను. అంతకుముందే, ఆగస్టు పదిహేనున జెండా తాడును ఆ చేత్తోనే లాగారు. ఊరంతా చూసింది. అయినా ఆయన నొప్పి అని చెయ్యి చాపుతూ వచ్చారు. నొప్పి అన్నవాడిని కట్టు లేకుండా అరుగు దింపకూడదని మా తాత పెట్టిన నియమం. ఆ నియమం వల్ల సెప్టెంబరులో ఒకసారి, దీపావళి ముందు ఒకసారి మళ్లీ కట్టాను. అంటే ఆయన సంతకం పెట్టకుండా ఉండడానికి కావలసిన కట్టు నేనే కట్టి ఇచ్చాను. కోమలి ఇందుకు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు.

కనుక తమతో మనవి చేసుకొనునది ఏమనగా:

సర్పంచి గారిని తమ ఆఫీసుకు పిలిపించి, నా చేత కట్టు విప్పించవలెను. ఇందుకు నేను ఏమీ తీసుకోను. ఎముక అతకలేదని తేలితే అదే రోజు నా ఇంటి ముందున్న బోర్డు దించేసి ఈ వృత్తి మానుకుంటాను. అతికిందని తేలితే ఆ చేత్తో సంతకం పెట్టించవలెను. యుద్ధానికి ఎత్తిన చెయ్యే కాబట్టి దాని బలం గురించి సందేహం అక్కరలేదు. అది కుదరని పక్షంలో, బీఏ చదివినవారు వేలిముద్ర వేయడం నేరం కాదని ఒక ఉత్తర్వు ఇప్పించవలెను. ఇంకు డబ్బా మా దగ్గరే ఉంది.

యుద్ధం మంచిదా చెడ్డదా అని నేను అడగడం లేదు. ఎత్తిన చేతి బాధ్యత దాన్ని ఎత్తినవారిది అవునా కాదా అన్నంత వరకే అడుగుతున్నాను. ముప్పయ్యో తేదీ దగ్గరలో ఉంది కనుక తమరు త్వరగా చిత్తగించవలెనని వేడుకొనుచున్న

తమ విధేయుడు,
కట్టు కట్టే ఓబయ్య

తాజా కలం: అర్జీల దినం సోమవారం కావడంతో ఇది రెండు రోజులు ఇంట్లోనే ఉంది. అర్జీ సంగతి సర్పంచి గారికి తెలిసింది. శనివారం పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుని చెయ్యి చాపారు. "నొప్పిగా ఉండాదప్పా. వదులయింది, బిగించి కట్టు" అన్నారు. నేను పాత కట్టు విప్పాను. చెయ్యి తెల్లగా, నిటారుగా ఉంది. పిడికిలి బిగించమంటే బిగించారు. కోమలి లోపలి నుంచి లేఖ, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది. "నొప్పి" అన్నారు. మా తాత నియమం నేను ఆ రోజు తప్పాను. కట్టలేదు.

దయానంద్ గారు చెయ్యి పెద్ద డాక్టరుకు చూపించుకుంటానని శనివారం పదకొండు గంటలకు బెంగళూరు వెళ్లారు. ఎప్పుడు వస్తారో చెప్పలేదు. కారు ఆయనే తోలుకుని వెళ్లారు.

ఈ రోజు సోమవారం ఉదయం ఆరు ఇరవై రైలుకు కోమలి, కృపామణి గారి ఒక్క సంతకం ఉన్న లేఖ తీసుకుని చెన్నైలోని ఆ ఆఫీసుకు వెళ్లింది. కృపామణి గారు కూడా వెళ్లారు.