కొత్త గోడకు నీళ్లు

అనసూర్యా, ఇయ్యాల లింగమూర్తికి డ్యూటీ లేదు. వాన్ని తోలుకొని ఇంటికప్పు పెంకల కోసం మంచిర్యాల పోతున్న. పొద్దుమూకేవరకు వస్తం. కొత్త గోడ ఎండనియ్యకు, పూటకు మూడుసార్లు నీళ్లు పట్టాలె. కానీ బిందె నువ్వు ఎత్తకు. పక్కింటి సారలమ్మకు చెప్పిన, ఆమె పోస్తది.

మేస్త్రి గట్టయ్య వస్తే, ఎల్లుండే దర్వాజ నిలబెట్టుమని చెప్పు.

నీకు మూడో నెల అని నాకెరుకే బిడ్డా. కడుపుతోని మనిషి ఉన్న ఇంట్ల దర్వాజ ఎత్తొద్దని పని ఆపుతరనే కదా, ఎవ్వరికీ చెప్పకుంట బిందెలు మోస్తున్నవు? నీ మామ నా కడుపుల ఉన్నప్పుడు మా అత్త గట్లనే ఆపిచ్చింది. ఆ వానకాలమంత తాటికమ్మల కింద పసిపిల్లగాన్ని పట్టుకొని తడిసిన. వానికి పట్టిన దగ్గు మూడేండ్లు విడువలేదు. మల్ల గట్ల నేను కానియ్య. వానలు పడకముందే కప్పు పడాలె. ఎవరన్న ఏమన్న అంటే, అవ్వ చెయ్యమన్నదని నా పేరు చెప్పు.

చదివినంక ఇది పొయ్యిల వెయ్యి.

నీ మొగనికి నేను చెప్ప, నువ్వే చెప్పుకో. రైల్ల వాని పక్కన కూసొని నోరు మూసుకునుడే నాకు కష్టం.